తొలి రికార్డు, శ్రోతల తీర్పు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల సంఘాలలో ఒక యువగాయకుడు కీబోర్డు వాయిస్తూ పాడిన తొలి పాటలు వెలువడితే మనం అడిగే ప్రశ్న: ఇది ఆరాధనా, సినిమా బాణీయా? ఈ ప్రశ్న ఎంత న్యాయమైనదో నీనా సిమోన్ (1933–2003) తొలి ఆల్బమ్ 'లిటిల్ గర్ల్ బ్లూ' ఆధారంగా పరిశీలిద్దాం.

ఆమె తల్లి అమెరికాలో మెథడిస్టు బోధకురాలు. ఆమె చిన్ననాడే మందిరంలో పియానో వాయించింది. 1954లో అట్లాంటిక్ సిటీ బారులో వాయించవలసి వచ్చినప్పుడు తల్లికి తెలియకూడదని పేరు మార్చుకుంది. శాస్త్రీయ పియానిస్టు కాగోరిన ఆమెను శ్రోతలు జాజ్ గాయని అన్నారు. అయితే 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' పాట నడుమ ఆమె వేళ్లు బాఖ్ పద్ధతిలో స్వరాలను అల్లుతాయి. ఇదే రికార్డులోని 'మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ' దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 1987లో, ఒక అత్తరు ప్రకటన ద్వారా బ్రిటన్‌లో ప్రజాదరణ పొందింది. పాట మారలేదు, వినేవారు మారారు.

కాబట్టి కోవ నిర్ణయించడమే విమర్శ కాదు. ముందుగా పాటను పూర్తిగా వినడం సంఘం బాధ్యత. లేనియెడల మన బిడ్డలు కూడా పేర్లు మార్చుకొని పాడవలసి వస్తుంది.