వద్దన్నప్పుడు మారే అచ్చు

స్పానిష్‌లో ‘ఆబ్ల’ అంటే ‘మాట్లాడు’. మరి ‘మాట్లాడకు’ అనాలంటే? ముందు ‘నో’ చేరిస్తే సరిపోతుందనుకుంటాం. కానీ ‘నో ఆబ్ల’ అంటే ‘ఆమె మాట్లాడదు’ అని. అది కబురే గాని ఆజ్ఞ కాదు. వద్దని చెప్పాలంటే ‘నో ఆబ్లెస్’ అనాలి. చివర ఒక్క అచ్చు మారి, దాని వెంట ‘స్’ వచ్చింది. కబురుకీ కట్టడికీ మధ్య గోడ కట్టింది ఆ కాస్త మార్పే. తెలుగువారికి ఇది దగ్గరగానే తోస్తుంది. మనమూ ‘తిను’కు ‘లేదు’ తగిలించం, క్రియనే ‘తినకు’గా మలుస్తాం.

ఏ అచ్చు వస్తుందన్న దానిలో పనితనం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ‘అబ్లార్’ (మాట్లాడడం) లాంటి, ‘ఆర్’తో ముగిసే క్రియలు ‘ఎ’ను తెచ్చుకుంటాయి. ‘కొమేర్’ (తినడం), ‘ఎస్క్రిబీర్’ (రాయడం) లాంటివి ‘అ’ను తెచ్చుకుంటాయి: నో కోమస్, నో ఎస్క్రీబస్. ఒకరి అచ్చు మరొకరు పుచ్చుకున్నారన్నమాట. లాటిన్ నుంచి వచ్చిన ఏర్పాటిది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. ‘నువ్వు మాట్లాడకూడదని నా కోరిక’ అనే వాక్యంలోనూ ఇదే ‘ఆబ్లెస్’ వస్తుంది. అంటే ఆ భాషలో నిషేధం కోరిక రూపంలోనే పలుకుతుంది. ‘మీరు’ అనదగ్గ మనిషికైతే ‘మాట్లాడండి’ అన్నా, ‘మాట్లాడకండి’ అన్నా ఆ కోరిక రూపమే: ‘ఆబ్లె’, ‘నో ఆబ్లె’. సూటి ఆజ్ఞ చనువున్నవారికే, అదీ చెయ్యమన్నప్పుడే. వద్దనేసరికి చనువున్నవారి దగ్గరా భాష ఒక మెట్టు దిగి మాట్లాడుతుంది.

రాతలోనూ ఇంతే శ్రద్ధ. ‘తోకార్’ అంటే తాకడం, ‘తాకకు’ అంటే ‘నో తోకెస్’. స్పానిష్ రాతలో ‘సి’ (c) పక్కన ‘ఇ’ (e) వస్తే ‘క’ శబ్దం పోతుంది కనుక అక్కడ ‘క్యు’, ‘యు’ అక్షరాలు దిగుతాయి. చెవికి వినబడేది మారకుండా ఉండేందుకే కంటికి కనిపించేది మారింది.

‘దాన్ని’ అనే చిన్న మాట కూడా చోటు మార్చుకుంటుంది. ‘కోమెలో’లో (దాన్ని తిను) క్రియ తోకకు అతుక్కున్న ‘లో’, ‘నో లో కోమస్’లో క్రియకు ముందుకు గెంతుతుంది.

పార్కుల్లో ‘నో పీసె ఎల్ సెస్పెద్’ అని బోర్డు కనిపిస్తే ‘గడ్డి తొక్కకండి’ అని అర్థం. ‘పిసార్’ (తొక్కడం) కూడా ‘ఆర్’ క్రియే, అందుకే చివర ‘ఎ’. ముఖం తెలియని బాటసారిని కూడా ఆ బోర్డు ‘మీరు’ అనే పిలుస్తోంది.