కళ మాది, గడప ఎవరిది?

ఆదివాసీ కళ గురించి మన జిల్లాల్లో జరిగే సభలన్నీ "కాపాడుకోవాలి" అనే మాటతో మొదలై అదే మాటతో ముగుస్తాయి. కాపాడినదాన్ని ఎక్కడ పెట్టారు, అక్కడికి ఎవరు పోగలరు, పోయినవాళ్లు అక్కడ ఎంతసేపు నిలవగలరు అని అడిగేవాళ్లు తక్కువ. మేము ఆ సంగతే మాట్లాడదలిచాం. హైదరాబాద్‌లోని పెద్ద మ్యూజియాల గురించి మేము మాట్లాడటం లేదు. పెద్దపల్లి, మంథని, ఆసిఫాబాద్ లాంటి ఊళ్లలో ఒక హాలు, పక్కన రెండు గదులు, నాలుగు అద్దాల పెట్టెలు ఉండే చిన్న కళాకేంద్రాల గురించి మాట్లాడుతున్నాం. ఉన్నవాటి గురించీ, రేపు కట్టబోయేవాటి గురించీ.

ముందు మెట్లు. మన దగ్గర ఏ ప్రభుత్వ కట్టడమైనా నేలకు మూడు మెట్లు ఎత్తున లేస్తుంది. అట్లా లేస్తేనే అది ఆఫీసులాగా కనబడుతుందని కట్టేవాళ్ల నమ్మకం కావచ్చు. ఒక్కో మెట్టు ఆరు అంగుళాలనుకుంటే మొత్తం అడుగున్నర ఎత్తు. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలన్నది ర్యాంపు లెక్క. అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. మేము చూసిన చాలా చోట్ల ర్యాంపు ఆరేడు అడుగులకు మించదు. అది మోటారు సైకిలు ఎక్కించడానికి పనికొస్తుంది. మూడు చక్రాల బండి మీద వచ్చిన మనిషిని ఇద్దరు వెనక నుంచి నెట్టాలి, దిగేటప్పుడు నలుగురు పట్టుకోవాలి. తలుపు మూడు అడుగుల వెడల్పు లేకపోతే అంత కష్టపడి ఎక్కినా బయటే ఆగాలి.

ఇది దయతో చేసే పని కాదని మన పిల్లలు తెలుసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దానిలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం గురించే చెబుతుంది. వికలాంగులకు కళను అందుబాటులోకి తేవడం, వికలాంగులైన కళాకారులకు, రచయితలకు అండగా నిలవడం ప్రభుత్వాల బాధ్యత అంటుంది. పాత ప్రభుత్వ భవనాలను సరిచేయడానికి ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లో ముగిసిపోయింది. చూపు లేని రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, అందుబాటు ప్రమాణాలు వట్టి సూచనలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి ర్యాంపు లేని హాలు ముందు మనం బతిమాలే అవసరం లేదు. అర్జీ రాసి ఇవ్వొచ్చు.

అయితే ర్యాంపు కట్టగానే పని అయిపోయిందనే అధికారులతో మాకు పేచీ ఉంది. గూడెం నుంచి వచ్చిన ముసలమ్మను అడ్డుకునేవి మెట్లు మాత్రమే కావు. గేటు దగ్గర కాపలా మనిషి "ఏం పని మీద వచ్చినవ్?" అని అడిగే తీరు ఉంది. ప్యాంటు షర్టు వేసుకున్నవాణ్ణి ఆ ప్రశ్న అడగడు. లోపల కూర్చోవడానికి ఏమీ ఉండదు, నేల మీద కూర్చుంటే లేపుతారు. పది గంటలకు తెరిచి అయిదింటికి మూస్తారు. పత్తి ఏరే కాలంలో, నాట్ల కాలంలో ఆ వేళకు కూలి వదులుకుని వచ్చేవాళ్లెవరు? ఆదివారం సెలవు పెట్టిన కళాకేంద్రం ఎవరి కోసం తెరిచినట్టు? పెద్దపల్లి పిల్లవాడు జోడేఘాట్‌లో కుమ్రం భీము స్మారకం, మ్యూజియం చూడాలనుకుంటే రైలులో ఆసిఫాబాద్ రోడ్డు దాకా పోయి, అక్కడ నుంచి ఆసిఫాబాద్, కెరమెరి మీదుగా గుట్టలెక్కాలి. ఆ దారి భీము తిరిగిన దారి గనుక దూరం గురించి మాకు ఫిర్యాదు లేదు. మన ఊరి నడిమధ్యలో ఉన్న గది కూడా అంతే దూరంగా అనిపించడం గురించే మా ఫిర్యాదు.

ఇక లోపల ఉన్నదాని సంగతి. మంథని వైపు నాయకపోడులు లక్ష్మీదేవర కొలుపులో ఎత్తే ముఖాలు చాలామందికి తెలుసు. తేలిక చెక్కతో చెక్కి రంగులద్దిన గుర్రపు ముఖం, పాండవుల ముఖాలు, పోతరాజు. కొలుపునాడు అవి మనుషుల ఒంటి మీద కదులుతాయి, డప్పు మోగుతుంది, కథ నడుస్తుంది. అదే ముఖాన్ని తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించి, కింద "గిరిజన మాస్కు" అని రాస్తే చూసేవాడికి ఏం దొరికింది? చూపు లేనివాడికైతే ఏమీ దొరకలేదు. తోటీల కిక్రి సంగతీ అంతే. గోండుల పురాణాలను తరాల పాటు మోసిన వాద్యాన్ని అద్దంలో మూసిపెట్టి మాట లేకుండా చేశారు. ఆ పాటలు, కథలు రికార్డు చేసి ఒక మీట నొక్కితే వినబడేటట్టు పెట్టడం ఇవాళ పెద్ద ఖర్చు కాదు. పాడే తోటి ఇంకా ఉన్నప్పుడు నెలకొకసారి ఆయన్ను పిలిపించి, కూలి కట్టి, పాడించడం ఇంకా మంచిది. వినికిడి లేనివాళ్లకు ఆ కథనే బొమ్మలుగా గోడ మీద గీయించాలి.

ముట్టుకోవడం గురించి మాలో మేమే వాదించుకున్నాం. చూపు లేనివాళ్లు చేతులతోనే చూస్తారు, అన్నీ ముట్టనివ్వాలని కొందరన్నారు. ముట్టకూడనివి ఉన్నాయని పెద్దలన్నారు. దండారి కాలంలో గుస్సాడీలు నియమంలో ఉంటారు, స్నానం కూడా చేయరు. వాళ్లు పెట్టుకునే నెమలి ఈకల టోపీ పూజలో ఉన్న వస్తువు, ఎవరు పడితే వాళ్లు చేయి వేసేది కాదు. "అందరికీ స్వాగతం" అనే బోర్డు పేరు చెప్పి ఆ కట్టును తెంపమనే హక్కు ఏ కళాకేంద్రానికీ లేదు. కానీ కట్టు చూపించి చూపు లేని పిల్లను ఉత్త చేతులతో పంపడమూ మాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. దారి మన కళాకారుల దగ్గరే ఉంది. పూజలో లేని ముఖాన్ని, ముట్టుకోవడానికే, అదే చేతితో మరొకటి చెక్కించవచ్చు. ఏది చేయవచ్చో ఏది కూడదో ఆ తెగ పెద్దలు చెప్పాలి, క్యూరేటరు చెప్పకూడదు. ఆదిలాబాద్ ఓజాల పోత పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మైనం తీగలతో నమూనా చుట్టి, మట్టి పూసి, కాల్చి, కరిగిన లోహం పోసి చేసే ఆ బొమ్మలు వేళ్లకు ఎంత బాగా అందుతాయో చేత్తో పట్టుకున్నవాళ్లకు తెలుసు. వాటిని కూడా అద్దంలో ఎందుకు పెడతారో మాకు అర్థం కాదు.

భాష దగ్గర మా విమర్శ మన రచయితల మీదికి కూడా వస్తుంది. లేబుళ్లు తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది కాబట్టి ఇప్పుడు ఆ లిపిలో బోర్డులు అడుగుతున్నాం. అడగాల్సిందే. అయితే ఆ లిపి చదవగలిగినవాళ్లు మన పెద్దల్లో ఎంతమంది? బోర్డు మనకు గౌరవం, అవ్వకు మాత్రం గొంతు కావాలి. గోండిలో, కొలామీలో చెప్పే మనిషి ఒకరు గదిలో ఉండాలి. 1943లోనే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్లు దాటాక కూడా మన భాషలో పలకరించే మనిషి కళాకేంద్రంలో లేకపోతే అది డబ్బు కొరత అంటే మేము నమ్మం.

అన్నిటికంటే మమ్మల్ని మండించేది సభల తీరు. మంత్రి వస్తున్నాడంటే గుస్సాడీ బృందానికి కబురు వస్తుంది. ఉదయం తొమ్మిదికి రమ్మంటారు, కారు ఒంటిగంటకు వస్తుంది. అప్పటిదాకా ఎండలో, బరువైన టోపీతో, రోడ్డు పక్కన నిలబడాలి. కారు వెంట నడుస్తూ గేటు దాకా ఆడాలి. తర్వాత అతిథులు హాల్లోకి పోతారు, ఆడినవాళ్లు బయట చెట్టు కింద మిగిలిపోతారు. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది ఉండదు, మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ ఇచ్చే దేశంలోనే ఆ ఆట ఆడేవాళ్లకు కుర్చీ దొరకదు. కళాకారుడు కూడా ఆ గదికి వచ్చే మనిషే. వేదిక మీదికి కూడా ర్యాంపు ఉండాలి, ఎందుకంటే కాలు లేని డప్పరి కూడా ఉంటాడు.

జాతర ఇట్లా ఉండదని కొందరంటారు. నిజమే, గోలివాడ సమ్మక్క గద్దెల దగ్గర టికెట్టు లేదు, "ఏం పని?" అనేవాడు లేడు, గోదావరి ఒడ్డున ఎక్కడ పడితే అక్కడ పొయ్యి పెట్టుకోవచ్చు. ఆ చొరవ కళాకేంద్రాలు నేర్చుకోవాల్సిందే. కానీ ఆ తొక్కిసలాటలో నడవలేనివాళ్లు గద్దె దాకా పోగలరా? చంటిపిల్లల తల్లులు పోగలరా? మన పద్ధతులన్నీ మంచివేనని చెప్పుకుని తృప్తి పడటం మాకు ఇష్టం లేదు.

ఉపాధ్యాయులకు ఒక పని. ఈసారి పిల్లలను ఇలాంటి చోటికి తీసుకుపోయేటప్పుడు వాళ్లతో పాటు ఊరి నుంచి ఒక అవ్వను, నడవడం కష్టమైన ఒకరిని, చూపో వినికిడో లేని ఒక పిల్లనో పిల్లవాణ్ణో కూడా తీసుకుపోండి. బస్సు దిగిన దగ్గర నుంచి మళ్లీ ఎక్కేదాకా వాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోయారో, ఎవరు ఆపారో, ఎంతసేపు ఆగారో పెద్ద పిల్లలతో నోటుబుక్కులో రాయించండి. నీళ్లు ఎక్కడ దొరికాయో, ఎక్కడ కూర్చున్నారో కూడా. ఆ కాగితాన్ని తేదీ వేసి, అందరి సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, ఒక నకలు బడిలో ఉంచుకుని, అసలు ప్రతిని కలెక్టరాఫీసులో ప్రజావాణి జరిగే సోమవారం నాడు ఇచ్చి రసీదు తీసుకోండి.