రాతకూ ఇంట్లో ఒక వంతు

తీరిక దొరికితే రాస్తామనుకునేవాళ్లు చాలామంది రాయకుండానే ఉండిపోతారు. ఇల్లు నడిపే మనిషికి తీరిక దానంతటది దొరకదు. ఇంట్లో ఇంకొకరు కాస్త పని అందుకుంటేనే వస్తుంది. ఇన్నేళ్లుగా కవితలు, కథలు రాస్తూ నేను గట్టిగా నమ్ముతున్నది ఇదే.

నాకు కవిత ఎక్కువగా చేతులు పనిలో ఉన్నప్పుడే తడుతుంది. బియ్యం ఏరుతుంటేనో, బట్టలు ఆరేస్తుంటేనో ఒక పాదం నోటికొస్తుంది. కాగితం అందుకునే వీలుండదు కాబట్టి దాన్ని నోట్లోనే తిప్పుకుంటాను. పోపు మాడకుండా చూసుకుంటూనే ఒక మాట తీసి ఇంకో మాట పెడతాను. నోటికి నిలవని పాదాన్ని వదిలేస్తాను. పిల్లలు పడుకున్నాక రాయడానికి కూర్చునేసరికి సగం దిద్దుబాటు అయిపోయి ఉంటుంది. మన దంపుళ్ల పాటలూ, తిరగలి పాటలూ ఇలా పని మధ్యలో పుట్టినవే. రోకటి పోటుకీ తిరగలి తిప్పుకీ తగ్గట్టు వాటి నడక కుదిరింది. కాబట్టి ఇంటిపని కవిత్వానికి శత్రువని నేను అనను.

కథ దగ్గరే చిక్కు. కథలో మనుషులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే నేనూ వాళ్ల మధ్యే ఉండాలి. కాలింగ్ బెల్ మోగిందని లేచి వెళ్లి వచ్చేసరికి వాళ్ల గొంతులు వినిపించవు. అందుకే లేవాల్సి వచ్చినప్పుడల్లా, తర్వాత ఎవరు ఏమంటారో ఒక ముక్క రాసిపెట్టి లేస్తాను. మర్నాడు ఆ ముక్క పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లగలుగుతాను. అయినా కథకు ఎవరూ పిలవని ఒక గంట కావాలి. ఆ గంట ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

మన సాహిత్య చరిత్రను ఈ ప్రశ్నతో చదివితే ఇంట్లోవాళ్లు కనిపిస్తారు. రచయిత్రి బండారు అచ్చమాంబ 1874లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లయింది. బడి చదువు లేదు. తమ ఇంట్లో ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో చదువు నేర్చారు. కడుపున పుట్టిన బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనూ కలం వదల్లేదు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ కథ ప్రచురించారు. 1905లో కన్నుమూసేనాటికి ఆమెకు ముప్పై దాటి ఎంతో కాలేదు. అలాగే కవి కాళోజీ ‘నా గొడవ’ కవితల వెనక ఆయన అన్న రామేశ్వరరావు ఉన్నారు. ‘షాద్’ పేరుతో ఉర్దూలో కవిత్వం రాసిన ఆ అన్న, ఇంటి బాధ్యత తాను మోసి తమ్ముణ్ని ప్రజల మధ్యకు వదిలారు. ఇలా ఇంటి బరువు మోసినవాళ్లకూ ఆ రచనల్లో భాగముందని నా నమ్మకం.

ఆ బరువు పంచుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చూపించింది. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఆ కథ చదివినప్పుడల్లా, రాయగలిగి ఉండీ రాయని ఆడవాళ్లు గుర్తొచ్చి నా గుండె బరువెక్కుతుంది.

వారపత్రికల్లో సీరియళ్లు వెలిగిన కాలంలో యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి వంటి రచయిత్రులకు లక్షలమంది పాఠకులుండేవారు. సీరియల్ అంటే గడువు ఉంటుంది, పారితోషికం ఉంటుంది. అలాంటి పనిని ఇల్లు తేలిగ్గానే గుర్తిస్తుంది. కవితకు గడువు లేదు, డబ్బూ దాదాపు రాదు. అందుకే కవి నోరు తెరిచి అడగాలి. నేను అడిగాను. రాత్రి భోజనాలయ్యాక గిన్నెల సంగతి మావారూ అబ్బాయీ చూసుకుంటారు. ఆ వేళ నాకు ఫోనొస్తే మా అత్తగారు, “కోడలు రాసుకుంటోందమ్మా, కాసేపాగి చెయ్యి” అంటారు. వంట చేస్తోందని చెప్పినంత మామూలుగా అంటారు. నాకు ఏ సన్మానమూ ఇవ్వని ధైర్యాన్ని ఆ మాట ఇచ్చింది.

ఇంటికి నేను బాకీ పడ్డవీ ఉన్నాయి. పిల్లాడికి జ్వరమొస్తే కథ ఆగుతుంది, అందులో నాకు బాధ లేదు. ఇంట్లోవాళ్ల దుఃఖం కవితలోకి వస్తే పత్రికకు పంపే ముందు వాళ్లకు చదివి వినిపిస్తాను. “ఇది వద్దమ్మా” అని మా అమ్మాయి అంటే ఆ పాదం తీసేస్తాను. నాకు సమయమిచ్చిన మనుషుల గుట్టును నా పేరు కోసం బయటపెట్టే హక్కు నాకు లేదు.

మీ ఇంట్లోనూ రాసేవాళ్లు ఉండవచ్చు. కోడలో, కాలేజీ కుర్రాడో, రిటైరైన మామగారో. “ఏం రాశావు?” అని అడిగే ముందు వాళ్ల చేతిలో పని ఒకటి అందుకోండి. రాసేవాళ్లు కూడా ఆ గంటను దొంగచాటుగా కాకుండా అందరి ముందూ అడిగి తీసుకోండి. నీళ్లు పట్టడం, కూరలు తేవడం, పిల్లల్ని చదివించడం వంతులేసుకుంటున్నాం కదా. రాతకూ ఒక వంతు వేయండి.