లోపం దోషమేనా? మృత్తికా బాక్టీరియా జన్యు పరిభాష – ఒక పరిశీలన

తెలుగు విజ్ఞాన రచన డి.ఎన్.ఎ.ను వివరించడానికి గ్రంథాన్ని ఉపమానంగా గ్రహించింది. ప్రతి, అనులేఖనం, అనువాదం అనే మాటలు ఆ ఉపమానానికి చెందినవే. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోని తాళపత్రాలతో పరిచయమున్న పరిశోధకులకు ఈ పోలిక సహజంగానే తోస్తుంది. అయితే స్ట్రెప్టోమైసిస్ అనే మృత్తికా బాక్టీరియా విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందన్నది విచార్యం.

తొలకరి మట్టివాసనకు ప్రధాన కారణం ఈ బాక్టీరియాలే. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నేతృత్వం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ (1948) ఈ జాతి నుంచి వచ్చినదే. చాలా బాక్టీరియాల క్రోమోజోమ్ వలయాకారం కాగా, వీటిది రేఖాకారం. దాని కొనల నుంచి ఒక్కొక్కసారి లక్షల క్షారజంటలు తొలగిపోతాయి. స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్‌లో ఇటువంటి తొలగింపుతోపాటు సుమారు 5,700 క్షారజంటల ఖండం వందల ప్రతులుగా పెరగడం గమనించారు. దీనినే జన్యు అస్థిరత అంటున్నారు.

తాళపత్ర గ్రంథానికీ ఆద్యంత పత్రాలే ముందుగా శిథిలమవుతాయి. లేఖకుడు రాసిన పంక్తినే మళ్లీ రాయడమూ కద్దు. పోలిక ఇంతవరకు చక్కగా కుదిరింది. కానీ పరిష్కర్త దృష్టిలో ఈ రెండూ దోషాలే. బాక్టీరియాలో అలా కాదు. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌పై 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కొనలు కోల్పోయిన కణాలు సిద్ధబీజాలను తక్కువగా, యాంటీబయాటిక్‌లను ఎక్కువగా ఉత్పత్తి చేస్తాయి. కణానికి నష్టమైనది సమూహానికి రక్షణ అవుతున్నది. కనుక ‘అస్థిరత’ అనే మాట విచారణకు ముందే తీర్పు చెబుతున్నది.

ఇక్కడ గ్రంథ పరిష్కరణ కంటే వ్యాకరణమే మేలైన మార్గం చూపుతుంది. బాలవ్యాకరణంలో లోపం దోషం కాదు, ఒక ప్రక్రియ. ‘కడ + కడ’ ‘కట్టకడ’ అయినప్పుడు మొదటి పదంలో ‘డ’ పోయి ‘ట్ట’ వచ్చింది. పదం ద్విరుక్తమై అర్థం బలపడింది. పోవడం, పెరగడం ఒకే రూపంలో కలిసి ఉన్నాయి. అయితే వ్యాకరణ కార్యం సూత్రబద్ధం, జన్యు మార్పు యాదృచ్ఛికం. ఈ భేదాన్ని విస్మరించరాదు.

ఈ ప్రక్రియను ‘విస్తరణ’ అనడం కూడా పునరాలోచించదగినది. విస్తరణ వైశాల్యాన్ని సూచిస్తుంది. ఇక్కడ పెరిగేది సంఖ్య. ‘ప్రతుల వృద్ధి’ అంటే విషయం సూటిగా తెలుస్తుంది. తెలుగు మాధ్యమ విద్యార్థికి పారిభాషిక పదమే తొలి నిర్వచనం. అందులో దోషారోపణ ఉంటే, ఆ జీవిని రోగగ్రస్తంగానే అర్థం చేసుకుంటాడు.