చక్రం తడిమి చూసేవాళ్లు

అమెరికా డ్రాగ్ రేసుల్లో అందరి చూపూ పచ్చదీపం మీదే. నాకు మాత్రం అంతకుముందు చక్రాల పక్కన గొంతుక్కూర్చునే టెక్ ఇన్‌స్పెక్టర్లంటే గౌరవం. 1951లో పుట్టిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే డ్రాగ్ రేసుల సంస్థ నిబంధనల ప్రకారం హబ్‌క్యాప్ ఊడదీసి చూపించాల్సిందే. చక్రాన్ని బిగించే స్టడ్డు ఎంత లావుంటే కనీసం అంత మేర నట్టులో మరలు పట్టుకొని ఉండాలి. అర అంగుళం స్టడ్డుకు అర అంగుళం పట్టు. టైరు పక్కగోడ మీద వేళ్లు పోనిస్తారు: పగుళ్లు, బుడిపెలు, బయటపడ్డ దారాలు. వేగమైన కార్లకు రబ్బరు వాల్వులు చెల్లవు, లోహపువే కావాలి. చక్రం గిర్రున తిరిగేటప్పుడు రబ్బరు కాడ వంగి గాలి జారిపోవచ్చు. పరుగు మహా అయితే పావుమైలే, 402 మీటర్లు. కానీ బయలుదేరే ఆ కుదుపు భారమంతా ఈ నట్లూ టైర్లే మోయాలి. ట్రైలర్ మీద ఎంతో దూరం నుంచి కారు తెచ్చుకున్న మనిషితో "దారం కనబడుతోంది, ఇవాళ కుదరదు" అనడం కష్టం. అయినా అంటారు.