పక్క తిప్పే చేతులు

వార్డులో కొత్తగా నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరిన పిల్లల దిగులంతా వాసన గురించే. బెడ్‌పాన్ ఎలా తియ్యాలి, వాంతి ఎలా తుడవాలి, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమో అని. వారం తిరక్కుండా ముక్కు సర్దుకుంటుంది. ఒకళ్లు చూపిస్తే తప్ప రానిది వేరే ఉంది: మంచమ్మీద మనిషిని పక్కకి తిప్పడం.

నేను మొదట చేరింది గుంటూరు కొత్తపేటలో, పక్షవాతం కేసులు ఎక్కువగా వచ్చే వార్డులో. కదల్లేని మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చాలని కోర్సులో చెప్పారు. ఎందుకో వార్డులో తెలిసింది. నడుం కింద, తుంటి దగ్గర, మడమ మీద, తల వెనక ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలుగుతుంది. రక్తం ఆడక పుండు పడుతుంది. ముందుగా కనిపించేది ఎర్రమచ్చ. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదంటే వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. కాకపోతే పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లతోలు మీద గీసినవే. చామనచాయ ఒంటి మీద ఎరుపు ఓ పట్టాన దొరకదు. తడిమి చూసుకోవాలి, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా అని. వెనకటి వాళ్లు అక్కడ స్పిరిట్ రాసి, పౌడరు చల్లి గట్టిగా రుద్దేవాళ్లు. ఇప్పుడది వద్దంటున్నారు, నలిగిన కండ ఇంకా నలుగుతుందని.

తిప్పడానికి బలం కన్నా వరస ముఖ్యం. ముందు యూరిన్ బ్యాగు, సెలైన్ గొట్టం ఎటున్నాయో చూసుకోవాలి. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి. తర్వాత మనిషి అవతలి భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి, మన మోకాళ్లు వంచి, మనవైపు దొర్లించుకోవాలి. ఈడ్చకూడదు, చర్మం దుప్పటికి రాసుకుంటుంది. చచ్చుబడ్డ చెయ్యి పట్టుకుని అసలే లాగకూడదు, భుజం కీలు జారుతుంది. వీటన్నిటికన్నా ముందు చెప్పాలి: “బాబాయ్, ఎడమ పక్కకి తిప్పుతున్నాం.” స్పృహలో లేని మనిషికి చెప్పడమేంటని కొత్తపిల్లలు ముసిముసిగా నవ్వుతారు. నవ్వుకోనీ. నేను మాత్రం చెప్పకుండా చెయ్యి వెయ్యను.

మన వార్డుల్లో సగం సేవ పేషెంటు తాలూకు వాళ్లదే. డిశ్చార్జి అయ్యాక మొత్తం వాళ్లదే. మేం చూసుకునేది కొన్నాళ్లు, ఇంట్లో నెలలూ ఏళ్లూ. అందుకే తిప్పడం వచ్చిన పిల్లకన్నా, తిప్పడం ఆ ఇంటివాళ్లకి నేర్పగల పిల్లే నా లెక్కలో పనిమంతురాలు. నేర్పడానికి టైమెక్కడిదంటారు. పక్క మార్చే ప్రతిసారీ ఇంట్లోవాళ్లని కూడా ఒక చెయ్యి వెయ్యమంటే సరిపోతుంది.

మొన్నొక పెద్దాయన కోడలు మామగారికి చొక్కా తొడగలేక అవస్థ పడుతోంది. చచ్చుబడ్డ చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి మొదలుపెట్టాలి అని చూపించాను. చిటికెలో అయిపోయింది. “వచ్చిన రోజే ఎవరూ చెప్పలేదేం అక్కా?” అంది. పక్కనే నిలబడి చూస్తున్న కొత్తపిల్లని ఎదురు మంచం దగ్గరికి పంపాను, వాళ్లకీ చూపించి రమ్మని.