కాలు ఆనే బండి

‘ఎలాగూ కొంటున్నావు, పెద్దదే తీసుకో, చిన్న బండి ఏడాదికే చాలదు’ అనే సలహా ఈ వారం మళ్ళీ చెవినపడింది. నలభై ఏళ్ళకు మట్టిదారుల్లో డర్ట్ బైక్ నేర్చుకుందామనుకునేవారికి ఇంతకంటే చెడ్డ సలహా లేదు. పనిముట్టు చేతికి తగ్గట్టు ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. ఇక్కడ ఆ మాట మరీ నిజం. తారురోడ్డు మీద ఇరవై ఏళ్ళు నడిపిన అనుభవం ఇసుకలో సగం కూడా అక్కరకు రాదు. వదులు మట్టిలో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారిపోతుంది. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, క్లచ్ సగం వదిలి, నెమ్మదిగా లాగించడం కొత్తగా నేర్వాలి. నేర్చుకున్నన్నాళ్ళూ పడక తప్పదు. అందుకే బండి ఎంత వేగం పోతుందో తర్వాత చూసుకోవచ్చు, పడ్డాక ఒక్కరే లేపగలరా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఆ లెక్కన చూస్తే, పెద్ద బండి అనదగ్గ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. దూర ప్రయాణాలకు మంచి బండే. కానీ నల్లరేగడి బురదలో మూడోసారి పడ్డాక దాన్ని ఒంటరిగా లేపేసరికి ఒంట్లో సత్తువ అయిపోతుంది, అలసిన మనిషి మళ్ళీ పడతాడు. నలభై ఏళ్ళ వయసులో మణికట్టు విరిగితే ఉద్యోగం, ఇల్లు రెండూ కుంటుపడతాయి. కవాసకి కెఎల్‌ఎక్స్ 230 అయితే 139 కిలోలే. మోటోక్రాస్ పందేల కోసం చేసిన కెఎక్స్ 250 ఇంకా తేలిక, 110 కిలోల లోపే. ఎంత తేలికైతే అంత మంచిదని తేల్చెయ్యాలనిపిస్తుంది.

కానీ బరువొక్కటే చూస్తే పొరబడతాం. కెఎక్స్‌కి లైట్లుండవు, రిజిస్ట్రేషన్ కాదు. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండల దాకా తీసుకెళ్ళాలన్నా వ్యాన్ ఎక్కించాలి. ఇంజిన్ నడిచిన గంటలు లెక్కపెట్టుకుని విప్పి చూసుకోవాలి. కెఎల్‌ఎక్స్‌తో ఈ తంటాలు లేవు గానీ, సీటు ఎత్తు 880 మిల్లీమీటర్లు. కూర్చోగానే సస్పెన్షన్ కొంత దిగినా, ఐదున్నర అడుగుల మనిషికి మునివేళ్ళే నేలకు అందుతాయి. కొత్తవాళ్ళు తరచుగా పడేది ఏటవాలులో ఆగి, కాలు ఆనించబోయి, నేల అందకపోతేనే. అంటే పడ్డ బండిని లేపడం కంటే పడకుండా కాలు ఆనడం ముఖ్యం. అందుకే 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వైపే నా మొగ్గు. మామూలు మోడల్ సీటు ఎత్తు దాదాపు 825 మిల్లీమీటర్లు, శక్తి సుమారు 18 హార్స్‌పవర్. కెఎల్‌ఎక్స్ కంటే పదిహేను, ఇరవై కిలోలు ఎక్కువే అయినా, క్లచ్ లివర్ విరిగితే చిన్న ఊళ్ళోనూ బాగుచేసుకోవచ్చు.

ఏడాదికే చాలదన్న వాదన మిగిలింది. చాలకపోతే ఎక్స్‌పల్స్‌కి ర్యాలీ కిట్ ఉంది, దాంతో సస్పెన్షన్ కదిలే దూరం పెరుగుతుంది. అప్పటికి సీటు ఎత్తు పెరిగినా భయం ఉండదు. అమ్మేసి తేలికైనది కొనుక్కున్నా నష్టం కొంచెమే, ఎందుకంటే మొదటిది సెకండ్ హ్యాండ్‌దే కొనమంటాను. ఫోర్కులు వంగాయేమో, రిమ్ములు సొట్టలు పడ్డాయేమో చూసుకోండి. సీటెక్కి రెండు పాదాలూ నేలకు ఆనించి చూడండి. మిగిలిన డబ్బుతో హెల్మెట్, మోకాలి గార్డులు, చీలమండను కాపాడే గట్టి బూట్లు కొనండి. అవి లేకుండా మట్టిలోకి దిగకండి.